ఓడదిండు

తొట్టిలో దిండు ఇంకా తేలుతూనే ఉంది. తేలమ్మా, నీ సొమ్మేం పోయింది, కాస్త ఓపిక పట్టు, అని మనసులోనే దాన్ని బతిమాలుకుంటూ మునివెంకటమ్మ రాతి గట్టు మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. వెన్ను మీద ఎండ వెచ్చగా పడుతోంది, తిన్న సంకటి కడుపులో చల్లగా ఉంది, అరళెపేట సందుల్లో రోజూ చెవులు గింగురుమనిపించే దూదేకుల విల్లు మోత కూడా ఇవాళ లేదు. అమావాస్య. అమావాస్య నాడు పక్కింటి నంజప్ప నూలుకు రంగులద్దడు. తొట్టి తోమించి, మంచినీళ్ళు నింపించి, తిరిగి వచ్చేది సాయంత్రానికే అని చెప్పి ఎటో వెళ్ళిపోతాడు. తొట్టి అంటే చిన్నదేమీ కాదు, ఒక పరుపు పరిచినంత వెడల్పు, మెట్లు దిగితే నిలువెత్తు మనిషికి ఎద దాకా నీళ్ళు. ఎంత తోమినా ఆ నీళ్ళలో ఏదో ఒక మూల నీలి చాయ మిగిలే ఉంటుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. ఇంత తీరికగా కూర్చుని ఎన్నాళ్ళయిందో. కూర్చున్న పని తీరిక పని కాదు గాని, కూర్చోవడం మాత్రం హాయిగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. అత్త పాపక్క లోపల తిని పడుకుంది. ఆమె లేచేలోపల సంగతి తేలిపోవాలి. దిండు తేలితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, ఎత్తుకుపోయి ఆరబెట్టి సరుకు కట్టే బేళ్ళలో పెట్టేయొచ్చు. మునిగితే చెప్పాలి. ఎట్లా చెప్పాలో ఆమెకి తెలియదు.

దిండు అంటే తల కింద పెట్టుకునే దిండు కాదు. మెడలో తగిలించుకుని, ఎదకీ వీపుకీ ఆనేటట్టు నాడాలతో బిగించుకునే ఖాకీ గుడ్డ సంచి, అందులో బూరుగు దూది. సరుకులు మోసే ఓడల్లో పనిచేసేవాళ్ళకి అది. యుద్ధం జరుగుతున్న సముద్రాల్లోనే వాళ్ళూ బియ్యం, తేయాకు, గోనెసంచులు మోసుకుంటూ తిరగాలి గదా, వాళ్ళ చేతుల్లో తుపాకులుండవు, ఏమీ ఉండవు. నీళ్ళ కింద నుంచి సబ్‌మెరైను కొడితే ఓడ మునుగుతుంది, దిండు కట్టుకున్న మనిషి మాత్రం ఇంకో ఓడ వచ్చి పైకి లాగేదాకా తేలుతూ ఉంటాడు. కంట్రాక్టరు శ్రీనివాసప్ప మొదటిరోజు ఖాకీ సంచులు తెచ్చి పడేసి "జాకెట్లమ్మా, జాకెట్లు" అన్నప్పుడు పరుపులు కుట్టే ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు, మగవాళ్ళకి జాకెట్లేమిటని. అప్పట్నుంచీ వీధిలో వాటి పేరు ఓడదిండ్లే. శ్రీనివాసప్ప కూడా ఇప్పుడు అట్లాగే అంటాడు. ఇదివరకు జావా నుంచి బూరుగు వచ్చేదట, జపాను వాడు జావాని పట్టుకున్నాక మన చెట్ల బూరుగుకి గిరాకీ వచ్చింది. బూరుగొక్కటే నింపండి, ఇంకేదీ కలపొద్దు, అన్నాడాయన. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఒక్క మాట చెప్పి ఉంటే ఇవాళ ఈ తంటా ఉండేది కాదు. ఆయనకి మాత్రం తెలుసో లేదో, పాపం, పొద్దస్తమానం బండ్ల వెంట పరుగులు పెట్టే మనిషి.

దిండుకి కట్టిన ఇనుప తూకపురాళ్ళు నీళ్ళలో వేలాడుతున్నాయి, నంజప్ప నూలు తూచే రాళ్ళు. ఇట్లా రాళ్ళు కట్టి చూడాలని ఆమెకి ఎవరు చెప్పారు? ఆయనే చెప్పాడు, ఇంకెవరు. మొగుడు ఆదినారాయణప్ప. పోయిన దీపావళికి సెలవు మీద వచ్చినప్పుడు, పొయ్యి ముందర గొంతుక్కూర్చుని, తను చేస్తానంటే వినకుండా కోడిగుడ్లు గిలక్కొడుతూ చెప్పాడు. మొగుడు వంట చేస్తుంటే పెళ్ళాం పీట మీద కూర్చుని చూడ్డం ఆ వఠారంలో ఎవరికీ దక్కని భోగం, అందుకే తలుపు వేసి మరీ కూర్చుంది. ఆయన తెల్లవాళ్ళుండే దండులో ఒక దొర దగ్గర బట్లరు. దొర ఓడల కంపెనీకి మారి, నీ చేతి సూపు లేకపోతే నాకు సహించదు అని వెంట తీసుకుపోయాడు. ఉల్సూరు చెరువులో కూడా పాదం తడపని మనిషి సముద్రం మీదికి పోయాడంటే వీధంతా ముక్కు మీద వేలేసుకుంది. మునివెంకటమ్మ మాత్రం ఏడవలేదు, ఏడుపు రాలేదు, పెట్టెలో ఇస్త్రీ బట్టలు సర్దుతుంటే ఆయన ముఖంలో కనబడ్డ వెలుగు చూసి నవ్వొచ్చింది. పోనీలే, చూసి రానీ అనుకుంది. అప్పటికి సముద్రమంటే నీళ్ళు అనే తెలుసు, నీళ్ళ కింద మనుషులు పొంచి ఉంటారని తెలియదు.

"రాత్రిపూట ఒక్క దీపం ఉండకూడదు మునెమ్మా, బీడీ ముట్టిస్తే బట్ట తడిసేదాకా తిడతారు" అన్నాడు గుడ్లు గిలక్కొడుతూ. ఓడలన్నీ గొర్రెల మందలా కలిసి పోతాయట, పక్కన ఒక యుద్ధపు ఓడ కాపలా, అదీ సూటిగా పోనివ్వరట, ఇటు కొంత అటు కొంత వంకర్లు తిరుగుతూ పోవాలట, కింద ఉన్నవాడికి గురి కుదరకుండా. వినడానికి పిల్లలాటలా ఉంది. ఆయన చెప్పడమూ అట్లాగే చెప్పాడు. ఒకనాడు వీళ్ళ పక్క ఓడనే కొట్టారట. కళ్ళ ముందరే అది వెనక్కి ఒరిగిపోయిందట. వీళ్ళ ఓడ ఆగడానికి లేదు, ఆగితే దీన్నీ కొడతారు, వెనక వచ్చిన ఇంకో చిన్న ఓడ సాయంత్రానికి వాళ్ళని ఏరింది. నీళ్ళ మీద తలకాయలు టెంకాయల మాదిరి ఉన్నాయి, దిండు కట్టుకున్నోళ్ళు కట్టుకున్నట్లే దొరికినారు, అన్నాడు. కట్టుకోనోళ్ళో, అని ఆమె అడిగింది. "కాఫీ ఆరిపోతాంది, తాగు" అన్నాడు ఆయన. ఆమె తాగింది. మంచి కాఫీ. ఇప్పటికీ ఆ రుచి నాలుక మీద ఉంది, ఆ తరవాత రేషను బెల్లం కాఫీ ఎంత కాచినా ఆ రుచి రాలేదు. ఆయన ఇంకా చెప్పాడు, వాళ్ళ ఓడలో ఒక ముసలాయన ఈ దిండ్లకి ఇనుపరాళ్ళు కట్టి నీళ్ళపీపాలో వేసి చూస్తాడట, మునిగినవాటిని కోసి పారేస్తాడట. మరి అన్ని ఓడల్లోనూ అట్లాంటి ముసలాయనలుంటారా అంటే ఉండరు గదా. పడుకునేటప్పుడు కూడా దాన్ని తల కిందే పెట్టుకుంటానన్నాడు. మన ఇంటి దిండు మాదిరే ఉండాది, అన్నాడు. ఆ ఒక్క మాట పాపక్క చెవిన పడింది. మిగతా సబ్‌మెరైన్లూ, మునిగిన ఓడలూ ఏవీ పడలేదు, తల్లి చెవికి కావలసింది అదొక్కటే, కొడుకు తల కింద దిండు ఉందా లేదా అని.

అందుకే ఇట్లా అయింది. ఆ ఇంట్లో తరతరాలుగా ఒక పద్ధతి ఉంది. పరుపు గానీ దిండు గానీ గడప దాటే ముందు, మూతి కుట్టేసే ముందు, ఇంటి పెద్ద ఆడది తన చేత్తో ఆఖరి పిడికిలి పెట్టాలి. ఆ పిడికిలి కొన్నవాళ్ళ సరుకులోది కాకూడదు, ఇంట్లోని మంచి దూది అయ్యుండాలి. పెట్టి, చల్లగా పండుకో నాయనా, అనాలి. పాపక్క అత్తా అట్లాగే పెట్టేది, ఆమె అత్తా పెట్టింది. అరళెపేటలో ఇంకే ఇంట్లోనూ ఇది లేదు, అందుకే మా దిండు మీద పండుకున్నోడికి పీడకల రాదు అని పాపక్క మొహం మీదే చెబుతుంది బేరానికి వచ్చినవాళ్ళకి. ఓడదిండ్లకి కూడా ఆఖరి పిడికిలి పెడుతోందని మునివెంకటమ్మకి తెలుసు, చూసింది, చూసి మురిసిపోయింది కూడా. పిడికెడు దూదికి ఏమవుతుంది అనుకుంది. కానీ ఇవాళ పొద్దున అత్త పరుపు ఎండేద్దామని ఎత్తితే అది గోనెపట్టాలా తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది. లోపల ఏమీ లేదు, పైగుడ్డా కిందిగుడ్డా తప్ప. రాగుల గాదె వెనక చూస్తే సంచీల నిండా బూరుగు, దిండ్లలోంచి తీసేసిన బూరుగు. పిడికిలి కాదు, పిడికిళ్ళు. బూరుగు ఏమి దూది మే, ఉఫ్ఫంటే ఎగిరిపోతాది, ఒంటికి ఆనదు, బిచ్చగాళ్ళకిచ్చే సరుకు, అని ఎన్నిసార్లు సణిగిందో. సముద్రం మీది బిడ్డలకి అట్లాంటిది ఇవ్వడానికి ఆమెకి చేయి రాలేదు. బూరుగు తీసి, తన పరుపు విప్పి, అందులోని పత్తిదూది పెట్టింది. ఈ చలికాలమంతా నేల మీద పడుకున్నట్టే పడుకుంది, ఒక్కరితోనూ అనలేదు.

అబ్బ, ఈ ముసల్దాన్ని ఏం చెయ్యాలి. తిట్టాలనీ ఉంది, కావిలించుకోవాలనీ ఉంది. కొత్తకోడలిగా వచ్చినప్పుడు మునివెంకటమ్మకి సూది పట్టడం రాదు, వేళ్ళన్నీ పొడుచుకునేది, ఆ వేళ్ళని పాపక్క తన నోట్లో పెట్టుకుని రక్తం చప్పరించి ఉమ్మేసి, ఏం పర్లేదు, సూదికి నువ్వు పరిచయం అయితే పొడవదులే, అనేది. అట్లాంటి అత్తకి, నువ్వు ప్రేమగా పెట్టిన దూది మనుషుల్ని ముంచుతాది అని ఏ నోటితో చెప్పాలి. పైన విమానం ఒకటి గుర్రుమంటూ పోయింది, ఎగిరే మిషన్ల ఫ్యాక్టరీ వచ్చాక ఇది రోజూ ఉండేదే, పావురాళ్ళు కూడా బెదరడం మానేశాయి. నంజప్ప దండెం మీద పసుపుపచ్చ నూలుకండెలు ఊగుతున్నాయి. పోయిన నెల మొగుడు కార్డు రాశాడు, క్షేమం అని. ఎక్కడినుంచో రాయకూడదు, రాసినా తనిఖీ చేసేవాళ్ళు నల్ల సిరా పూసేస్తారు, అయితేనేం, క్షేమం అనే మాట మీద ఎవరూ పూయలేదు. ఎండ చేతుల మీదికి జరిగింది. కళ్ళు మూతలు పడుతున్నాయి, ఇట్లా కూర్చుని ఉంటే నిద్ర ఎంత తియ్యగా వస్తుందో, ఆయన పక్కన ఉంటే ఇంకా బాగుండును, ఉంటే ఈ తొట్టి చూసి ఏమనేవాడు, నవ్వేవాడు, తను చెప్పిన కబురంతా పెళ్ళాం తొట్టిలో పెట్టి పరీక్ష చేస్తోందని.

నిజం ఒప్పుకోవాలంటే, దిండు కాస్త కిందికి దిగింది. ఇందాక మెడ వంపు మొత్తం నీళ్ళ పైన ఉంది, ఇప్పుడు అంచు ఒక్కటే ఉంది. పోనీ, అంచు ఉందిగా. రాళ్ళు మరీ బరువైనవి కట్టానేమో అనుకుంది, నంజప్ప తూకాల మీద అనుమానం ఎప్పుడూ ఉన్నదే. లేకపోతే ఉప్పునీళ్ళలో ఇంకొంచెం బాగా తేలుతుందేమో, ఆయన ఏదో అన్నాడు అప్పుడు, ఉప్పునీళ్ళు మనిషిని ఎత్తుతాయని. లేకపోతే ఈ ఒక్క దిండులోనే అత్త ఎక్కువ పెట్టిందేమో, మిగతావాటిలో తక్కువేమో. ఇట్లా తనని తాను మభ్యపెట్టుకుంటూ ఎంతసేపైనా కూర్చోగలదు, ఆ విద్య ఆమెకి బాగా వచ్చు, నెలల తరబడి కార్డు రాకపోయినప్పుడు నేర్చుకున్న విద్య. అయితే ఆ ఖాకీ మెడ వంపులో ఉన్నట్టుండి ఒక మెడ కనబడింది. చెవి వెనక పుట్టుమచ్చ ఉన్న మెడ, తను నూనె రాసి తోమిన మెడ. ఇవి ఏ ఓడకి పోతాయో ఎవరికి తెలుసు, బొంబాయిలో ఎవరో బేళ్ళు విప్పుతారు, ఎవరో పంచుతారు. ఆయనకే రావచ్చు. రాకపోతే ఇంకొకరి మొగుడికి వస్తుంది, ఆమె కూడా ఎక్కడో కూర్చుని కాఫీ రుచి తలుచుకుంటూ ఉంటుంది. ఇంక బేరాలు చాలు, అనుకుంది మునివెంకటమ్మ. అనుకున్నాక మనసు తేలికపడింది. తొట్టిలో అంచు కూడా తడిసింది, నాలుగు బుడగలు వచ్చాయి, దిండు చప్పుడు చెయ్యకుండా నీళ్ళ కిందికి దిగి రాళ్ళ మీద కూర్చుంది.

"ఏమి కడగతా ఉండావు మే, అమావాస్య పూట?"

పాపక్క వెనకాలే నిలబడి ఉంది, జుట్టు ముడి విడిపోయి, ఒక చేత్తో నడుము పట్టుకుని. నేల మీద పడుకుంటే నడుము పట్టదా మరి.

"కడగడం లేదత్తా. తేలుతాదో లేదో చూస్తా ఉండా."

"తేలిందా?"

"లేదు."

పాపక్క గట్టు మీదికి వంగి నీళ్ళలోకి చూసింది. "బూరుగు గదా. తేలల్లా" అంది.

"ఒట్టి బూరుగైతే తేలుతాది. బూరుగుకి నీళ్ళు అంటవు. దూది నీళ్ళు తాగుతాది అత్తా" అంది మునివెంకటమ్మ. ఇంత చిన్న మాటకా ఇంతసేపు భయపడింది. అనేశాక చూస్తే అత్త ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు పెదవులు కదులుతున్నాయి. గట్టు మీద మెల్లగా చతికిలబడి, తన కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"మంచిదే పెట్టినా మునెమ్మా. మా అమ్మ పెండ్లికిచ్చిన పరుపులోది."

"మంచిదే పెట్టినావు."

"వానికే పోయుంటే?"

మునివెంకటమ్మ అత్త పక్కన కూర్చుంది, భుజానికి భుజం ఆనించి. కాసేపటికి పాపక్క కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఎల్లుండి గదా బండి వచ్చేది? పో, కత్తెర తే. ఆ సంచీలు కూడా తే, గాదె వెనక ఉండాయి" అంది, కోడలికి తెలియదన్నట్టు. తెలియనట్టే లేచి వెళ్ళి తెచ్చింది. బేళ్ళలోంచి పొడి దిండు ఒకటి తీసి పాపక్క తనే విప్పింది, తను వేసిన కుట్టు తనే కోసింది. లోపలి దూది ముద్దలు ముద్దలుగా తీసి ఒళ్ళో పెట్టుకుంది, బూరుగు నింపింది, అణిచింది, మళ్ళీ నింపింది. మూతి దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి అలవాటుగా ఒళ్ళోని దూది మీదికి పోయింది. ఆగింది. వెనక్కి వచ్చి, సంచీలోంచి బూరుగే పిడికెడు తీసి పెట్టింది. చల్లగా పండుకో అనలేదు. "తేలు నాయనా" అంది, అని కుట్టేసింది.

రాళ్ళు కడదామని మునివెంకటమ్మ తాడు అందుకుంటే పాపక్క చేత్తో తోసేసింది. "ఇనుముకేం తెలుస్తాది. నాకు కట్టు."

"అత్తా, ఈ వయసులో నీళ్ళలోకా? నీకు ఈత రాదు."

"వానికి మాత్రం వస్తాదా? కట్టు మే."

ఈవిడతో వాదించి గెలిచినవాళ్ళు అరళెపేటలో ఎవరూ లేరు. మునివెంకటమ్మ నాడాలు బిగించి కట్టింది, ముడి మీద ముడి వేసింది. పాపక్క మెట్లు దిగింది, మోకాళ్ళ దాకా, నడుము దాకా, పొట్టి మనిషి గదా, అడుగు దాకా దిగేసరికి నీళ్ళు గడ్డానికి తగిలాయి. రెండు చేతులతోనూ గట్టు పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడింది. ముందు ఒక చెయ్యి వదిలింది. తరవాత రెండోదీ వదిలింది. కోడలు చీర కుచ్చిళ్ళు దోపుకుని దూకడానికి సిద్ధంగా ఉంది. పాపక్క కాళ్ళు నేలని వదిలాయి. ఖాకీ దిండు ఆమెని మెల్లగా పైకెత్తింది, ఎద దాకా ఎత్తి వెనక్కి వాల్చింది, తెల్లజుట్టు నీళ్ళ మీద పరుచుకుంది, చీర బుడగలా ఉబ్బింది.

"కాలికి నేల తగల్లేదు మునెమ్మా" అంది, చాలా చిన్న గొంతుతో.

"తగలదత్తా. మొగం మీదికి నీళ్ళు వస్తా ఉండాయా?"

"రాలేదు. చూడు, రాలేదు."

మునివెంకటమ్మ నవ్వింది, నవ్వుతుంటే కళ్ళు నిండాయి. పోనీ, నిండనీ. చాలు, రా అత్తా, చలి పట్టుకుంటాది, అని చెయ్యి చాపింది. పాపక్క ఆ చెయ్యి అందుకోలేదు. "సుమ్మనే ఉండు, ఊరుకో. మనిషిని ఎంతసేపు మోస్తాదో తెలియల్లా గదా. నువ్వు మిగిలినవి ఈడికే తెచ్చి విప్పతా ఉండు" అంది. సరే అనక తప్పలేదు. బేళ్ళు మోసుకొచ్చి గట్టు మీదే వేసుకుని ఒకదాని తరవాత ఒకటి కోయడం మొదలుపెట్టింది, ఒక కన్ను కుట్టు మీద, ఒక కన్ను తొట్టి మీద. దూది ఒకవైపు, బూరుగు ఒకవైపు. ఎండ గోడ ఎక్కింది. ఇంకో కుట్టు కోసి తల ఎత్తి చూస్తే పాపక్క కళ్ళు మూసుకుని ఉంది, కదలిక లేదు. కత్తెర చేతిలోంచి జారిపోయింది.

"అత్తా. అత్తా."

"అరవబాక. పండుకోలేదులే" అంది పాపక్క, కళ్ళు తెరవకుండానే. "ఒట్టి బూరుగే గాని, పరుపు బాగుండాది."